టెక్ సపోర్ట్‌లో బర్నౌట్ అయ్యాక వేరే పని: వరంగల్ వదలకుండా ఎలా మారాలి?

రాత్రిషిఫ్ట్_హన్మకొండ:
అందరికీ నమస్కారం. టెక్ సపోర్ట్ నుంచి బయటపడాలనుకుంటున్నాను. వివరాలు సూటిగా పెడుతున్నాను, సలహా కూడా అలాగే చెప్పండి. ఎల్1, ఎల్2 (సపోర్ట్‌లో మొదటి, రెండో స్థాయిలు) కలిపి ఒకే కంపెనీలో ఆరేళ్లు. వాయిస్ ప్రాసెస్ (ఫోన్ కాల్స్ పని), సాయంత్రం 6.30 నుంచి తెల్లవారుజాము 3.30 దాకా. బేసిక్ 14 వేలు, చేతికి 27 వేలు. చదువు బీఎస్సీ కంప్యూటర్స్. నోటీసు 60 రోజులు. నాన్నకు బీపీ ఉంది, ఆయన నా కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. హైదరాబాద్ వెళ్లడం కుదరదు. వరంగల్, కరీంనగర్ మధ్య ఎక్కడైనా ఫర్వాలేదు.

ముందు మానేసి నేర్చుకోవాలా, నేర్చుకున్నాక మానేయాలా? ఈ ఆరేళ్ల అనుభవం ఏ పనిలో పనికొస్తుంది? వెళ్లేటప్పుడు పీఎఫ్, ఇన్సూరెన్స్ ఎట్లా సర్దుకోవాలి?

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, ఏ కోర్సు అని అడిగే ముందు ఒక పని చెయ్. రెండు వారాలు, షిఫ్టు అయిపోంగనే అయిదు నిమిషాలు కూసోని నోటుబుక్కుల నాలుగు గళ్లు గీయ్. మనుషులు, వేళ, టార్గెట్, యంత్రం. ఆ రోజు ఏది ఎక్కువ సతాయించిందో ఆ గడిల ఒక గీత, పక్కన ఒక్క వాక్యం. "ప్రింటర్ కాల్, 40 నిమిషాలు, తిట్లు" అంటే మనుషుల గడి. "సమస్య దొరికింది కానీ ఏహెచ్‌టీ (కాల్‌కు పట్టే సగటు టైం) దాటిందని మార్కులు పోయినయ్" అంటే టార్గెట్ గడి. "అదే పాస్‌వర్డ్ రీసెట్ ముప్పయ్యోసారి" అంటే యంత్రం గడి, అంటే పనే విసుగు పుట్టిస్తున్నట్టు.

పద్నాలుగు రోజులైనంక లెక్క చూడు. మనుషులు, టార్గెట్ గడులే నిండితే నీకు కంప్యూటర్ మీద కోపం లేదు, ఫోన్ క్యూ మీద ఉంది. గప్పుడు ఐటీల్నే ఫోన్ లేని మూలకు జరగొచ్చు. వేళ గడి నిండితే పగటి షిఫ్టు దొరికినంక ఒక నెల ఆగి మళ్ల చూడు, అంతకన్న ముందు ఏ నిర్ణయం తీసుకోకు. యంత్రం గడి నిండితెనే లైను మొత్తం మార్చు. ఇది చూడకుండ రాజీనామా పెట్టి, మళ్ల ఇంకో కంపెనీల అదే హెడ్‌సెట్ పెట్టుకునేటోళ్లు మస్తుమంది.

ఇంకో మాట. డబ్ల్యూహెచ్‌వో బర్నౌట్‌ను జబ్బు అనలేదు, ఐసీడీ-11 అనే తన జబ్బుల జాబితల పనికి సంబంధించిన స్థితి అని రాసింది. గుర్తులు మూడు: శక్తి మొత్తం ఊడ్చుకుపోవుడు, పని మీద ఏవగింపు, చేతనైతలేదు అనే భావం. ఇవి పనిచోటికే అంటుకొని ఉంటయ్. సెలవు రోజు కూడ తిండి సయించకుంటే, ఇష్టమైనదేదీ ఇష్టం అనిపించకుంటే, బతుకు మీదనే విరక్తి పుడితే అది వేరే సంగతి. 14416కు ఫోన్ చెయ్. అది టెలీ మానస్, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. లేదంటే వరంగల్ ఎంజీఎం దవాఖానల మానసిక వైద్య విభాగం ఓపీకి పో. అసొంటప్పుడు ఉద్యోగం సంగతి తర్వాత.

పీఎఫ్_పద్దు:
మూడో ప్రశ్నకు నేను రాస్తాను. వరుస తప్పితే డబ్బు పోతుంది.

గ్రాట్యుటీ: ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు నిండాయి కాబట్టి మీకు హక్కు ఉంది. లెక్క ఇది: చివరి బేసిక్, డీఏ కలిపి దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, ఏళ్లతో గుణించాలి. మీ బేసిక్ 14,000 అయితే ఏడాదికి 8,077 చొప్పున ఆరేళ్లకు కనీసం సుమారు 48,460 రూపాయలు. ఆరేళ్ల మీద ఆరు నెలలు దాటితే ఏడేళ్లుగా లెక్కిస్తారు. అంచు దగ్గర ఉంటే రాజీనామా తేదీ రెండు వారాలు జరుపుకోవడం మంచిది. ఆఫర్ లెటర్‌లో గ్రాట్యుటీ జీతంలో భాగమని రాసి ఉన్నా భయపడొద్దు, అది చివర్లో ఇవ్వాల్సిందే.

పీఎఫ్: తొందరపడి తీయొద్దు. అయిదేళ్ల నిరంతర సర్వీసు లేకుండా 50 వేలు, ఆపైన తీస్తే టీడీఎస్ కోస్తారు, పాన్ ఉంటే 10 శాతం. మీకు ఆరేళ్లు ఉన్నాయి కాబట్టి ఆ బాధ లేదు. కానీ ఇది చదివే మిగతావాళ్లు గమనించండి: రెండు మూడు కంపెనీలు మారి, పాత ఖాతాలను కొత్తదానిలోకి బదిలీ చేసుకోకపోతే సర్వీసు ముక్కలై కనిపిస్తుంది. ముందు బదిలీ, తర్వాతే తీయడం. పెన్షన్ భాగానికి పదేళ్ల సర్వీసు కావాలి. మళ్లీ ఎక్కడైనా పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరే ఉద్దేశం ఉంటే ఫారం 10సీలో డబ్బు తీయకుండా స్కీమ్ సర్టిఫికెట్ (ఇప్పటిదాకా చేసిన సర్వీసుకు రుజువు) అడగండి, ఆరేళ్లు పోవు. ఇక పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, యూఏఎన్‌లో (పీఎఫ్ సభ్యుల శాశ్వత నంబర్) ఒకేలా ఉన్నాయో ఉద్యోగంలో ఉండగానే చూసుకోండి. బయటికి వచ్చాక దిద్దించుకోవాలంటే కొన్నిసార్లు పాత హెచ్‌ఆర్ చుట్టూ తిరగాల్సి రావచ్చు. కంపెనీ మీ నిష్క్రమణ తేదీ ఎక్కించకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే ఎక్కించుకోవచ్చు.

ఇన్సూరెన్స్: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గ్రూప్ పాలసీ మామూలుగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. నాన్నగారికి అప్పుడు కొత్త పాలసీ తీస్తే, బీపీ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. అదే బీమా సంస్థలో గ్రూప్ నుంచి వ్యక్తిగత పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. నోటీసు ఇచ్చిన వారంలోనే ఆ సంస్థకు రాతపూర్వకంగా అడగండి. ఆఖరి రోజు దాకా ఆగొద్దు. అర్హత ఉంటే ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. కానీ జాబితాలోని చికిత్సలకే అది వర్తిస్తుంది, నెలనెలా బీపీ మాత్రలకు కాదు.

రిలీవింగ్ లెటర్, చివరి మూడు పేస్లిప్పులు, ఫారం 16. కంపెనీ మెయిల్ మూసేయకముందే ఇవి సొంత మెయిల్‌లో ఉండాలి.

మడికొండ_బ్యాక్ఎండ్:
కాజీపేట అన్న చెప్పిన లెక్కలో మనుషులు, టార్గెట్ గడులు నిండితే ఈ దారులు చూడండి.

దగ్గరిది అప్లికేషన్ సపోర్ట్. కాల్స్ ఉండవు, టికెట్లు, లాగ్‌లు (సిస్టమ్ తనంతట రాసుకునే నమోదులు), డేటాబేస్ ఉంటాయి. దీనికి డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు, గ్రూప్ బై, సబ్‌క్వెరీలు తడుముకోకుండా రాయగలగాలి. లినక్స్‌లో లాగ్‌లు వెతికే గ్రెప్, ఆక్, జర్నల్‌సీటీఎల్ కమాండ్లు చేతికి అలవాటు కావాలి. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషిన్ (కంప్యూటర్‌లోనే నడిచే ఇంకో కంప్యూటర్) సరిపోతుంది. ఒక చిన్న వెబ్ సర్వర్ నిలబెట్టి, దాన్ని మీరే పది రకాలుగా చెడగొట్టండి. డిస్క్ నింపండి, పోర్ట్ మూయండి, డీఎన్‌ఎస్ తప్పు రాయండి, పర్మిషన్లు తీసేయండి, సర్టిఫికెట్ గడువు దాటించండి. ప్రతిదానికీ ఒక పేజీ: ఏం కనిపించింది, మొదట ఏం చూశారు, కారణం ఏమిటి, మళ్లీ రాకుండా ఏం చేశారు. ఆ పది పేజీలు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడతాయి.

రెండోది టెక్నికల్ రైటింగ్. నాలెడ్జ్ బేస్ ఆర్టికల్స్ రాసినవాళ్లు సగం దూరం వచ్చినట్టే. కానీ పాత కంపెనీ ఆర్టికల్స్ నమూనాగా చూపించొద్దు, అవి మీ సొత్తు కాదు, గోప్యత ఒప్పందం కిందికి వస్తాయి. ఏదైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తీసుకుని దానికి మార్క్‌డౌన్‌లో ఇన్‌స్టలేషన్ గైడ్ కొత్తగా రాయండి. మూడోది టెస్టింగ్. యూజర్ దేన్ని ఎక్కడ తప్పు నొక్కుతాడో సపోర్ట్ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నాక్ (నెట్‌వర్క్‌ను గమనిస్తూ ఉండే కేంద్రం) ఉద్యోగాలను మాత్రం జాగ్రత్తగా చూడండి. ఫోన్ తక్కువే, కానీ రాత్రి షిఫ్టు తిరుగుతూనే ఉంటుంది. వేళ గడి నిండినవాళ్లు అటు వెళ్తే ఏమీ మారదు.

సర్టిఫికెట్ తప్పదనుకుంటే చేత్తో చేయించే పరీక్ష ఎంచుకోండి. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ లినక్స్ పరీక్ష) పూర్తిగా ప్రాక్టికల్, 300కు 210 రావాలి. అందులో చాలామంది పోగొట్టుకునేది ఒకే చోట: మార్పులు చేసి రీబూట్ చేసి చూడరు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (డిస్క్‌లు ఎక్కించే ఫైల్) ఒక్క తప్పు ఉన్నా మెషిన్ లేవదు, మిగతా మార్కులన్నీ దానితోనే పోతాయి. రోజూ సాధన చివర రీబూట్ అలవాటు చేసుకోండి. సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్క్ పరీక్ష) 120 నిమిషాలు. సబ్‌నెట్టింగ్ (ఐపీ అడ్రస్‌లను విభజించే లెక్క) నోటితో, కాగితం లేకుండా రాకపోతే సమయం చాలదు.

ఉద్యోగం గ్యారంటీ అని ముందే ఫీజు మొత్తం కట్టించుకునే సంస్థలకు దూరంగా ఉండండి. ఒప్పందంలో "ఇంటర్వ్యూలు ఏర్పాటు చేస్తాం" అని ఉంటుంది, ఉద్యోగం అని ఉండదు.

వేయిస్తంభాలు:
మడికొండ గారి జాబితా మంచిదే కానీ తెల్లారి 3.30కు షిఫ్టు దిగిన మనిషి ఎస్‌క్యూఎల్ ఎప్పుడు నేర్చుకుంటారు? నిద్ర సరికాకుండా కోర్సు మొదలుపెడితే మూడో వారంలో ఆగిపోతుంది. అప్పుడు "నాకు రాదు" అనే భావం ఇంకా ముదురుతుంది. బర్నౌట్‌కు ఉన్న మూడు గుర్తుల్లో అదొకటని పైన రాశారు కదా.

నా మాట: రాజీనామా కన్నా ముందు నాన్-వాయిస్ లేదా పగటి షిఫ్టు రాతపూర్వకంగా అడగండి. మేనేజర్‌కు నోటితో చెబితే లెక్కలో ఉండదు, హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, డాక్టర్ చీటీ ఉంటే జత చేయండి. ఇంటర్నల్ జాబ్ పోస్టింగులకు క్వాలిటీ స్కోరు అడుగుతారు కాబట్టి అది తేలేదాకా స్కోరు పడిపోకుండా చూసుకోండి. షిఫ్టు మారాక నిద్ర పడుకునే వేళతో సరికాదు, లేచే వేళతో సరవుతుంది. నిద్ర పట్టినా పట్టకపోయినా ఉదయం ఒకే సమయానికి లేవాలి. లేచిన గంటలోపు అరగంట ఎండలో నడవాలి, వడ్డేపల్లి చెరువు కట్టో, భద్రకాళి బండో. మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు. పగటి కునుకు ఇరవై నిమిషాలు మించొద్దు.

మడికొండ_బ్యాక్ఎండ్:
ఒప్పుకుంటాను. అయితే పగటి షిఫ్టు ఇవ్వని చోట చదువును వారాంతాలకే పరిమితం చేయండి, శనివారం మూడు గంటలు, ఆదివారం మూడు గంటలు. అప్లికేషన్ సపోర్ట్ స్థాయికి అలా ఆరేడు నెలలు పడుతుంది. తక్కువలో అవుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

సోలార్_పలక:
యంత్రం గడి నిండినవాళ్లకు, అంటే స్క్రీన్ ముందు కూర్చోవడమే వద్దనుకునేవాళ్లకు, రూఫ్‌టాప్ సోలార్ చూడమంటాను. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చాక ఇంటి డాబాలకు గిరాకీ పెరిగింది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు సబ్సిడీ. మూడు, ఆపైన 78 వేల దగ్గర ఆగుతుంది. సబ్సిడీకి దేశీయ సెల్స్‌తో చేసిన పలకలే ఉండాలి. మన జిల్లాల్లో నెట్ మీటర్ (వచ్చిన, పోయిన కరెంటు రెండూ లెక్కించేది) ఇచ్చేది విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్, దాని ప్రధాన కార్యాలయం హన్మకొండలోనే.

ముందే ఒకటి చెప్పాలి. వైరింగ్ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ కింద జరగాలి. బీఎస్సీ కంప్యూటర్స్‌తో మీరు రేపే డాబా ఎక్కి వైర్లు కలపలేరు. సోలార్ పనికి ప్రభుత్వం పెట్టిన సూర్యమిత్ర శిక్షణ 600 గంటలు, ఎలక్ట్రికల్ ఐటీఐ, డిప్లొమా వాళ్లను దృష్టిలో పెట్టుకుని పెట్టింది. సపోర్ట్ నుంచి వచ్చేవాళ్లకు రిజిస్టర్డ్ వెండర్ దగ్గర సరిపోయే పని సైట్ సర్వే, పోర్టల్ దరఖాస్తులు, కమిషనింగ్ (మొదటిసారి నడిపించి అప్పగించడం), ఆ తర్వాత మానిటరింగ్. వెండర్లకు దొరకని మనిషి ఈ మానిటరింగ్ మనిషే.

ఎందుకంటే వచ్చే ఫిర్యాదులు చూడండి. "కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగింది." అది లోపం కాదు, లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడే ఏర్పాటు. అమ్మేటప్పుడు చెప్పకపోవడం వల్ల వచ్చే గొడవ. "యాప్‌లో ఏమీ కనిపించట్లేదు." చాలాసార్లు ఇన్వర్టర్‌కు పెట్టిన వైఫై డాంగిల్‌కు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, ఇంట్లో రౌటర్ మార్చి 5 మీద పెట్టారు. "మధ్యాహ్నం పన్నెండుకు ఆగి, మూడింటికి మళ్లీ వస్తుంది." ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్లలో ఎండ ముదిరినప్పుడు వోల్టేజ్ పైకెక్కి ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. ఎర్రర్ లాగ్‌లో గ్రిడ్ ఓవర్‌వోల్టేజ్ అని ఉంటుంది. దానికి సర్వీస్ వైర్ మందం చూడాలి, ఆ తర్వాత డిస్కమ్‌కు, అంటే ఎన్‌పీడీసీఎల్‌కు రాయాలి. "తొలకరి వాన పడ్డాక పొద్దున ఆలస్యంగా మొదలవుతుంది." ఇన్సులేషన్ ఫాల్ట్. పలకల వైర్లు కలిపే ఎంసీ4 కనెక్టర్ సరిగ్గా క్రింప్ కాక, డాబా మీద నీళ్లలో పడి ఉంటుంది.

లాగ్ చదవడం, ఫోన్‌లో కారణం పట్టుకోవడం, అవసరమైతేనే మనిషిని పంపడం, ఇదంతా మీకు వచ్చిన పనే. తేడా ఏమిటంటే పగలే ఉంటుంది, వారానికి సగం రోజులు బయట తిరగొచ్చు.

లెక్కలు నేర్చుకోండి. మూడు కిలోవాట్లకు 540 వాట్ల పలకలు ఆరు, నీడ పడని జాగా దాదాపు 300 చదరపు అడుగులు, దక్షిణ ముఖం, వంపు 15 నుంచి 18 డిగ్రీలు. వరంగల్ 18వ అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఆ వంపు. ఒక్కో పలక ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 49.5 అనుకుంటే ఆరింటికి 297. డిసెంబర్ తెల్లవారుజాము చలికి ఇది నాలుగు శాతం దాకా పెరుగుతుంది, అంటే 309. ఇన్వర్టర్ పరిమితి చూసేటప్పుడు ఈ రెండో అంకెనే చూడాలి. ఎర్త్ గుంతలు మూడు వేర్వేరుగా: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి. మూడూ ఒకే గుంతలో కలిపేసిన సైట్లు కనబడతాయి, అలాంటి చోట సంతకం పెట్టొద్దు. కోతులు వైర్లు లాగుతాయి, పైపు లేకుండా కేబుల్ వదలొద్దు.

ఏనుమాముల:
సీసీటీవీ గురించి ఎవరూ రాయలేదు. గిన్నింగ్ మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు, బడులు అన్నిటికీ కావాలి. నెట్‌వర్క్ తెలిసినవాళ్లకు ఎక్కువ నేర్చుకునే పని లేదు. ఊళ్లలో ఉండేవాళ్లకు ఆర్‌సెటీల్లో (బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు) ఉచిత శిక్షణ ఉంటుంది.

నిల్వ లెక్క ఇలా వేయండి: ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ అయితే రోజుకు 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలకు 173 జీబీ. 2 టీబీ డిస్క్‌లో పదకొండు రోజులు. కస్టమర్ నెల కావాలంటే 6 టీబీ చెప్పాలి. తక్కువ ధరకు ఒప్పేసుకుని తర్వాత "దొంగతనం రోజు రికార్డింగ్ లేదు" అనిపించుకోవద్దు. డెస్క్‌టాప్ డిస్క్ వేయొద్దు, నిఘాకోసం చేసినదే వేయండి. 2025 ఏప్రిల్ నుంచి కొత్త ఐపీ కెమెరాలకు ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ భద్రతా ధ్రువీకరణ ఉండాలి, పాత స్టాక్ చవకగా ఇస్తే తీసుకోవద్దు.

"పగలు బాగుంటుంది, చీకటి పడగానే కెమెరా ఆగి ఆగి వస్తుంది" అంటే కెమెరా మార్చడానికి పరుగెత్తొద్దు. రాత్రి ఐఆర్ (చీకట్లో చూడటానికి వాడే) లైట్లు వెలగగానే కరెంటు ఎక్కువ లాగుతుంది. సన్నటి, రాగి పూత మాత్రమే ఉన్న కేబుల్‌లో వోల్టేజ్ పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతుంది. చీకట్లోనే మీటర్ పెట్టి కెమెరా చివర కొలవండి. 12 ఉండాల్సింది 10కి వచ్చిందంటే కేబులే. పీఓఈ (నెట్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) అయితే పూర్తి రాగి క్యాట్6, 90 మీటర్లు దాటొద్దు. షెడ్డుకూ ఆఫీసుకూ మధ్య రాగి తీగ లాగితే పిడుగులకు స్విచ్‌లు పోతాయి, అక్కడ ఫైబర్ వేయండి. మిర్చి యార్డు దగ్గర లెన్స్ మీద దుమ్ము పేరుకుని రాత్రి బొమ్మ తెల్లగా మసకబారుతుంది. సీజన్‌లో పదిహేను రోజులకోసారి తుడిచే పని ఒప్పందంలోనే రాయండి.

ఒప్పందం అంటే గుర్తొచ్చింది, నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కాగితంలో ఫోన్ వేళలు రాయండి: ఉదయం 9 నుంచి సాయంత్రం 6, ఆదివారం లేదు, ఏడాదికి నాలుగు విజిట్లు, అయిదోదానికి డబ్బు. ఇంటి నంబర్ కాకుండా వేరే సిమ్. ఇది రాయకపోతే మీరు వదిలొచ్చిన టికెట్ల క్యూ మొత్తం మీ జేబులోకే వస్తుంది. ఈసారి లాగౌట్ కూడా ఉండదు.

బాలసముద్రం:
బోధన ఆలోచించేవాళ్లకు క్లుప్తంగా: బీఈడీ రెండేళ్లు, ప్రవేశం ఎడ్‌సెట్ ద్వారా, తర్వాత టెట్, ఆపైన డీఎస్సీ. బీఈడీ మెథడాలజీ మీ డిగ్రీలో ఉన్న సబ్జెక్టుల మీద ఆధారపడుతుంది, కంప్యూటర్స్‌తో పాటు గణితం ఉందా లేదా ముందు చూసుకోండి. డీఎస్సీ ఏటా రాదు, కాబట్టి రెండేళ్ల ఖర్చు చేతిలో ఉన్నవాళ్లకే ఈ దారి.

పీఎఫ్_పద్దు:
సొంతంగా పెట్టేవాళ్లు అప్పు సంగతి తెలుసుకోండి. సొంత ఉపాధికి కేంద్రం ఇచ్చే సబ్సిడీ అప్పు పథకం పీఎంఈజీపీలో సేవా రంగానికి ప్రాజెక్టు పరిమితి 20 లక్షలు. జనరల్ వర్గానికి సబ్సిడీ పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 25, 35. సొంత వాటా 10 శాతం, రెండో వర్గానికి 5. సబ్సిడీ చేతికి రాదు, మీ పేరిట మూడేళ్లు బ్యాంకులో ఉండి తర్వాత అప్పులో సర్దుతారు. అందుకని కిస్తీ లెక్క మొత్తం అప్పు మీద వేసుకోండి. ఇద్దరు మనుషుల సీసీటీవీ పనికి ఇంత అవసరం లేదు, ముద్రలో శిశు 50 వేలు, కిశోర్ 5 లక్షల దాకా. గ్రాట్యుటీ డబ్బు మాత్రం పనిముట్లలో పెట్టొద్దు. అది ఇంటి ఖర్చుకు, ఇన్సూరెన్స్ ప్రీమియంకు.

రాత్రిషిఫ్ట్_హన్మకొండ:
అందరికీ కృతజ్ఞతలు. రేపటి నుంచి నోటుబుక్కు మొదలుపెడతాను, హెచ్‌ఆర్‌కు పగటి షిఫ్టు మెయిల్ కూడా. ఏనుమాముల అన్నా, ఉద్యోగంలో ఉండగానే ఆదివారాలు ఎవరి వెంటైనా సీసీటీవీ పనికి వెళ్లొచ్చా? పనిముట్లు ఏం కొనాలి?

ఏనుమాముల:
తమ్ముడూ, ముందు ఆఫర్ లెటర్‌లో "ఇతర ఉపాధి" అనే క్లాజు చదువు. చాలా కంపెనీలు రాతపూర్వక అనుమతి అడుగుతాయి. డబ్బు తీసుకోకుండా నేర్చుకోవడానికి వెళ్లినా ఆ క్లాజు ఎలా రాశారో చూసుకోవాలి, అవసరమైతే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడుగు. గ్రాట్యుటీ చేతికి రాకముందు క్రమశిక్షణ కేసు తెచ్చుకోవద్దు.

పనిముట్లు మొదటి మూడు నెలలు ఇంతే: మల్టీమీటర్, ఆర్‌జే45 క్రింపర్, కేబుల్ టెస్టర్, హామర్ డ్రిల్‌కు 6, 8 మిల్లీమీటర్ల బిట్లు, హెడ్ ల్యాంప్. డ్రిల్, నిచ్చెన అద్దెకు దొరుకుతాయి. క్రింపర్ మాత్రం చవకది కొనకు. పిన్నులు సగమే దిగుతాయి, టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, లోడు పడ్డాక లింక్ ఊగుతుంది. ఆ తప్పు వెతకడానికే ఒక రోజు పోతుంది.